పొగ తగలని విత్తనం

ఆ రోజు అరకు ప్యాసింజర్ సొరంగంలోంచి మంచులోకి, మంచులోంచి మరో సొరంగంలోకి తేలిపోతోంది. కొండ ఊళ్లన్నిటికీ పొగరాని పొయ్యిలిస్తే దేశం వదిలే కార్బన్ ఎంత తగ్గుతుందో మనసులో లెక్కేస్తున్నాను. ఎదుట ఒక గిరిజన స్త్రీ ఒళ్లో మూటతో కూర్చుంది.

"మీకు పొగరాని పొయ్యి ఇచ్చారా అమ్మా?" అని అడిగాను.

"ఆఫీసోళ్లు ఎట్టినారు బావూ. కళ్ల మంట నేదు. గానీ పొగ నేక, పొయ్యి మీద కట్టిన ఇత్తనం పొత్తులకి పురుగట్టీసింది. మిగిలినవి మా సెల్లి పాత పొయ్యి మీద కట్టడానికి అట్టుకెల్తన్నాను. ఇవీ పోతే వచ్చే ఏడు ఏటి నాటుతాం?"

మూట విప్పి, నల్లబడిన మొక్కజొన్న పొత్తు నా ముక్కు దగ్గర పెట్టింది. అంతలో సొరంగం వచ్చింది. చీకట్లో ఆ పొగవాసన ఒక్కటే మిగిలింది.

తర్వాత ఆ లెక్క ఎన్నిసార్లు వేసినా, ఆమె చెల్లెలి పాత పొయ్యిని మాత్రం అందులో పొగతో మండుతూనే ఉంచాను.