అయిపోయింది మామయ్య

మా మామయ్య నోట ఏ విషయానికైనా ముందుగా వచ్చే మాట ఒకటే: "అయిపోయింది." కరెంటు పోయినా అయిపోయినట్టే, పోయిన కరెంటు వచ్చినా అయిపోయినట్టే. గాజుసామాను మీద లేజరుతో పేర్లూ బొమ్మలూ చెక్కడం ఆయన వృత్తి. చేతిలో గాజు, గుండెలో దిగులు. ఈ రెండూ కలిస్తే దుకాణం ఎలా నడుస్తుందో, ఆరేళ్ళు ఆయన దగ్గర డిజైన్లు గీసిన మేనకోడలిని, నన్నడగాలి.

ఫోను మోగేది.

"మా గ్లాసుల పని ఏమైందండీ?"

"అయిపోయింది."

"హమ్మయ్య! ఇప్పుడే వస్తాం."

"వచ్చి ఏం చేస్తారు? పగిలిపోయాయి."

ఒకసారి కొత్తగా పెళ్ళి కుదిరిన జంట వచ్చి ఒకే కూజా మీద ఇద్దరి పేర్లూ చెక్కమన్నారు. మామయ్య వాళ్ళను జాలిగా చూశాడు. "చెరో గ్లాసు మీద వేయించుకోండి. రేపు పంచుకోవాల్సొస్తే తేలిగ్గా ఉంటుంది." పెళ్ళికూతురు ముక్కు ఎగబీల్చింది. పెళ్ళికొడుకు ఇంకో దుకాణం అడ్రసు అడిగాడు. మామయ్య దారి కూడా చెప్పాడు.

"ఎందుకలా మాట్లాడతావు మామయ్యా?"

"అబద్ధం చెప్పమంటావా? లేజరు గాజును చెక్కుతుందనుకుంటున్నావా? పైపొరను సన్నగా పగలగొడుతుంది. ఆ పగుళ్ళే మనకు అక్షరాల్లా కనిపిస్తాయి. మనం అమ్మేదే పగుళ్ళు!" అంటూనే, వేడికి బీటలివ్వకుండా గ్లాసు చుట్టూ తడి కాగితం అంటించేవాడు, జ్వరమొచ్చిన పసిపిల్ల నుదుట తడిగుడ్డ వేసినంత జాగ్రత్తగా.

ఆఖరికి కంప్యూటరు కాలిపోయింది. ఆరేళ్ళ డిజైన్లు బూడిద. వచ్చే నలుగురూ రావడం మానేశారు. యంత్రానికి దుప్పటి కప్పి, ఇద్దరం ఎదురెదురుగా కూర్చుని వీధిలోకి చూసేవాళ్ళం. ఆయన దిగులు నాకూ అంటుకుంది.

అలాంటి ఒక మధ్యాహ్నం ముసలి దర్జీ వచ్చాడు. గుడ్డసంచి విప్పితే గాజు పెంకులు. ఆయన భార్యకు మతిమరుపు. వెనకటికి తన డబ్బాలన్నిటి మీదా ఆవిడ "ఇది నాది. ముట్టుకోకండి" అని రాసి అంటించుకునేదట. ఆ చీటీల్లో ఒకటి తెచ్చి, రెండేళ్ళ కిందట మా దగ్గరే గ్లాసు మీద చెక్కించుకున్నాడు. తన చేతిరాతను మాత్రం ఆవిడ గుర్తుపట్టేది. ఆ గ్లాసుతోనే నీళ్ళు తాగేది.

"నిన్న చెయ్యి జారిందండీ. ఏ గ్లాసిచ్చినా 'ఎవరిదో, నాకొద్దు' అంటోంది. చెంచాతో పట్టినా ఉమ్మేస్తోంది. ఆ చీటీలన్నీ పోయాయి. తనకిప్పుడు రాయడం రాదు. మీ దగ్గర డిజైనుందేమోనని..."

నేను తలెత్తలేకపోయాను. "కంప్యూటరు కాలిపోయిందండీ."

మామయ్య విరుచుకుపడ్డాడు. "పగులుతుందని ఆరోజే చెప్పానా లేదా? విన్నారా?"

దర్జీ పెంకుల సంచి మూట కట్టబోయాడు. నాకు మామయ్య నోరు మూసేయాలనిపించింది. ఆయన గొణుక్కుంటూ వెనక గదిలోకి వెళ్ళి, స్టూలెక్కి అటక మీద వెతికాడు. పాడైన సరుకని నన్నెప్పుడూ ముట్టుకోనివ్వని అటక అది. దుమ్ము పట్టిన కాగితం పొట్లం తెచ్చి విప్పాడు. అదే గ్లాసు. అవే వాలు అక్షరాలు.

"పగులుతుందని తెలిసీ ఒక్కటే చేస్తానా?" అన్నాడు విసుగ్గా.

నేను వెళ్ళి అటక మీదికి చూశాను. పొట్లాలే పొట్లాలు. ఒక్కోదాని మీద ఒక్కో చీటీ: "నర్సుగారి నాన్న సంతకం." "డ్రైవరు కూతురు మొదటిసారి రాసిన అ." పోతే మళ్ళీ దొరకనివన్నీ అక్కడున్నాయి.

"ఇది కూడా పగిలితేనండీ?" దర్జీ గ్లాసును రెండు చేతులా పట్టుకున్నాడు.

"పగలకుండా ఉంటుందా? ఒసేయ్, దీన్ని ఫొటో తియ్యి. ఎవరి కంప్యూటరైనా అడిగి తెచ్చి ఇంకో నాలుగు చెక్కుదాం. మీరు నిలబడ్డారేం? ఆవిడకు దాహం!"

సాయంత్రం ఫోను మోగింది. "తాగిందమ్మా! రెండు గ్లాసులు తాగింది! తీసి పక్కన పెడదామని పట్టుకోబోతే నా చేతిమీద ఒక్కటిచ్చింది. 'చదువు రాదా?' అంది!"

నవ్వాపుకోలేక ఆ మాటే మామయ్యకు చెప్పాను. ఆయన అటు తిరిగి కళ్ళజోడు చాలాసేపు తుడుచుకున్నాడు.

"గట్టిగా తగిలిందేమో అడుగు," అన్నాడు. "ఆ వయసులో ఎముక విరిగితే అతకదు."