చీర మీద కామెంట్

తిరుపతిలో బంగారుపాళ్యం బస్సెక్కినాను. పక్క సీట్లో నేరేడుపండు రంగు చీర కట్టుకోని నా ఈడు ఆడమనిషి కూర్చోనుండాది. మాటల్లో, "పొద్దున్నే చిత్తూరులో ఇంటికాణ్నించి బయల్దేరతా ఉంటే మా ఆయన ఈ చీర మీద కామెంట్ చేసినాడక్కా" అనింది.

నాకు జాలేసింది. మా పక్క కామెంట్ అంటే ఎగతాళే. "పోనీలేమ్మా, మొగోళ్లంతే" అన్నాను.

"అయ్యో, ఎగతాళి కాదక్కా! ఈ రంగులో నీ మొగం కళగా ఉండాదే అన్నాడు."

"దాన్ని కూడా కామెంట్ అంటారా?"

"మంచి చెప్పినా, చెడు చెప్పినా కామెంటే కదా" అని నవ్వింది.

ఆ నవ్వు చూస్తే నాకు కడుపు మండింది. మా ఆయన ఇన్నేళ్లలో నా మీద ఒక్క కామెంట్ చేయలేదని అందరికీ గొప్పగా చెప్పుకునేదాన్ని. చెడు చెప్పలేదు, నిజమే. మంచి కూడా చెప్పలేదని ఆ బస్సులోనే తోచింది.

చిత్తూరులో ఆమె దిగింది. కింద ఆమె మొగుడు నిలబడి ఉండాడు. బట్టతల, బక్కమనిషి. సంచి అందుకుంటా చెవి దగ్గర ఏదో అన్నాడు. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకోని నవ్వింది. ఏమన్నాడో విందామని కిటికీ అద్దం తోసినాను. అంతలో బస్సు కదిలింది.

ఇంటికి పోయి, ఉన్నవాటిలో మంచి చీర కట్టుకోని మా ఆయన ముందర నిలబడినాను.

"యాడికి పోతాండావు?" అన్నాడు.

"యాడికీ లేదు" అన్నాను. ఆ చీరతోనే అన్నం వడ్డించినాను. ఆయన తలొంచుకోని తిన్నాడు.