తూకం మిషన్ ఎవరి చేతిలో ఉంది?

2023 వేసవిలో జరిగిన సంగతి ఇది. జీడిపిక్కల సీజను జోరుగా ఉంది. కాశీబుగ్గలో కంప్యూటర్లు బాగుచేసే చిన్న షాపు నాది. నా దగ్గరికి వచ్చేవి చాలావరకు విండోస్ మిషన్లే. విండోస్ బదులు ఉచితంగా దొరికే లైనక్స్ వాడేవాళ్లు ఇటు పలాసలో, అటు టెక్కలిలో వెతికినా కొద్దిమందే దొరుకుతారు. వాళ్లలో ధర్మారావు గారు ఒకరు. ఆయన జీడిపప్పు ఫ్యాక్టరీ సుమ్మాదేవి వెళ్లే దారిలో, రైలు పట్టాలకు ఇవతల ఉంటుంది. ఆయన ఫోన్ చేసి, తూకం కంప్యూటరు మొరాయిస్తోందని, ఆదివారం లోపల ఏదో ఒకటి తేల్చాలని అన్నారు. ఆ గడువు ఎందుకు పెట్టారో అక్కడికి వెళ్లాక గానీ తెలియలేదు.

ఆ ఫ్యాక్టరీలో తూకం చూసేది హేమలత. కవిటి దగ్గర కొబ్బరి రైతుల ఇంటి అమ్మాయి. పుట్టుకతోనే చూపు లేదు. విశాఖపట్నంలో చదువుకుని, కంప్యూటరు నేర్చుకుని వచ్చింది. పప్పు ఒలిచే ఆడవాళ్లు తట్టలు తెచ్చి ఎలక్ట్రానిక్ కాటా మీద పెడతారు. కాటా నుంచి ఒక యూఎస్‌బీ కేబుల్ కంప్యూటరుకు వెళుతుంది. బరువు తెర మీదకు రాగానే, స్క్రీన్ రీడర్ అనే ప్రోగ్రాము ఆ అంకెను పైకి చదువుతుంది. హేమలత విని, ఆ మనిషి పేరు కొట్టి, బరువు ఎక్కిస్తుంది. ఆ లెక్క ప్రకారమే వాళ్ల కూలి.

పిక్కలు కోసే మిషన్లు తిరుగుతుంటే మాత్రం ఆ గొంతు సరిగ్గా వినపడదు. అందుకని ఒక స్వచ్ఛంద సంస్థవాళ్లు ఆమెకు బ్రెయిలీ డిస్‌ప్లే ఇచ్చారు. కీబోర్డు ముందు పెట్టుకునే సన్నటి పలకలాంటిది అది. తెర మీద ఏ అక్షరం ఉంటే దాని చుక్కలు పలక మీద పైకి లేస్తాయి, వేళ్లతో తడిమి చదువుకోవచ్చు. వాళ్ల మనిషే వచ్చి దాన్ని తగిలించి, అదే రోజున లైనక్స్ కొత్త వెర్షన్ కూడా వేసి వెళ్లాడు. మొదట్లో కొన్నాళ్లు అంతా బాగానే నడిచిందట. తర్వాత కాటా బరువు ఒక్కోసారి వచ్చేది, ఒక్కోసారి వచ్చేది కాదు. నేను వెళ్లేనాటికి అసలు రావడమే మానేసింది. కాటా మీది అంకెను పక్కనున్నవాళ్లెవరో చదివి చెబితే హేమలత ఎక్కిస్తోంది. ఒకరు చదివిన అంకెను ఇంకొకరు నమ్మడం లేదు. తూకం దగ్గర రోజూ గొడవే.

ధర్మారావు గారికి మాత్రం అనుమానమేమీ లేదు. "సూడు బాబూ, ఆ పలక వచ్చిన కాడి నుంచే ఈ తంటా. ఎనక్కి పంపించీమంటే ఈ పిల్ల ఒప్పుకోదు. నానేటి సేత్తాను? సోమారం నుంచి కాటా కాడ ఇంకొకల్ని కూకోబెడతాను. ఈ పిల్లకి పని లేకండా సెయ్యను, పొట్టు తీసే కాడ కూకుంటాది" అన్నారు. ఆయన దుర్మార్గుడేమీ కాదు. ఆ ఉద్యోగం ఆమెకు ఇచ్చిందే ఆయన. ఆయన బయటికి వెళ్లాక హేమలత మెల్లగా అంది: "పొట్టు తీయడం సిన్నతనం కాదన్నయ్యా. కానీ ఈ కుర్చీ కోసం నేను చాలా దూరం ఎల్లి సదువుకున్నాను."

ఇక్కడ కొంచెం నా పని గురించి చెప్పాలి. లైనక్స్‌కు మధ్యలో ఉండే అసలు భాగాన్ని కెర్నెల్ అంటారు. కంప్యూటరుకు తగిలించిన ప్రతి వస్తువునూ నడిపించడానికి అందులో ఒక్కో డ్రైవరు ఉంటుంది. వస్తువు పనిచేయకపోతే మేం ముందు అడిగే ప్రశ్న, దాన్ని ఏ డ్రైవరు పట్టుకుంది అనే. ధర్మారావు గారు మళ్లీ లోపలికి వచ్చినప్పుడు ఈ కెర్నెల్ మాట అంటే ఆయన వింతగా చూశారు. జీడి వ్యాపారంలో కెర్నెల్ అంటే పిక్క లోపలి పప్పు. కంప్యూటరులోకి పప్పు ఎలా పోయిందని ఆయన సందేహం. విప్పి చెప్పబోయి ఆయన్ని ఇంకా తికమకపెట్టాను.

నా తికమక ఆ తర్వాత మొదలైంది. కేబుల్ పాడయిందేమోనని కాటాను నా ల్యాప్‌టాప్‌కు తగిలించాను. బరువు చక్కగా వచ్చింది. కేబుల్ బాగానే ఉంది, కాటా బాగానే ఉంది. మళ్లీ హేమలత కంప్యూటరుకు తగిలిస్తే ఏమీ లేదు. సరే, ధర్మారావు గారు అన్నట్టు బ్రెయిలీ పలకే అడ్డుపడుతోందేమోనని దాన్ని ఊడదీసి చూశాను. అప్పుడూ బరువు రాలేదు. నాకు మతిపోయింది. తప్పు పలకదైతే, అది లేనప్పుడైనా కాటా పలకాలి కదా.

lsusb అనే ఆజ్ఞ కొడితే యూఎస్‌బీకి తగిలించిన వస్తువుల పేర్లన్నీ వస్తాయి. అందులో కాటా కేబుల్ కనపడింది. దానికి -t కలిపి కొడితే ఏ వస్తువు ఏ డ్రైవరు చేతిలో ఉందో కూడా చూపిస్తుంది. మా కేబుల్‌లో ఉన్న చిప్‌కు ch341 అనే డ్రైవరు రావాలి. కేబుల్ గుచ్చిన వెంటనే కొడితే ch341 అనే వచ్చింది. సంతోషించి కాటా మీద బరువు పెట్టాను. అంకె రాలేదు. మళ్లీ అదే ఆజ్ఞ కొడితే ఈసారి usbfs అని ఉంది. తప్పు చూశానేమో అనుకుని కేబుల్ తీసి పెట్టాను. ముందు ch341, ఊపిరి పీల్చుకునేలోపు usbfs. పట్టుకున్న డ్రైవరు వదిలేయడం ఎన్నోసార్లు చూశాను గానీ, కళ్ల ముందే చేయి మారిపోవడం ఎన్నడూ చూడలేదు.

usbfs అంటే కెర్నెల్ డ్రైవరు కాదు. బయటి ప్రోగ్రాము ఏదో కెర్నెల్‌ను పక్కకు తప్పించి, వస్తువును నేరుగా తన చేతిలోకి తీసుకుందని దాని అర్థం. ఆ ప్రోగ్రాము ఏది? దీనికితోడు నేను కొట్టే ప్రతి అక్షరాన్నీ స్క్రీన్ రీడర్ పైకి చదువుతోంది. దానికి అలవాటులేని నేను కొట్టిందే కొట్టి, చదివిందే చదువుతున్నాను. హేమలత పక్కనే కూర్చుని, మిషన్ల హోరులో వినపడినంత వింటోంది.

కెర్నెల్ తనలో జరిగినవన్నీ వరసగా రాసుకుంటుంది, dmesg కొడితే అవి చూడొచ్చు. అక్కడ దొరికింది ఆ పేరు. ch341 వచ్చింది, వెనకాలే brltty అనే ప్రోగ్రాము వచ్చి కేబుల్‌ను అడిగింది, ch341 వదిలేసింది. అలాంటి ప్రోగ్రాము ఒకటుందని అప్పటిదాకా నాకు తెలియదు. ఫోన్‌లో వెతికితే, ఇదే చిప్‌తో ఇదే అవస్థపడ్డవాళ్లు ఎందరో కనపడ్డారు. అందరూ చెప్పింది ఒకటే మాట: ఆ ప్రోగ్రాము మీకు అవసరం లేదు, తీసి పారేయండి. హమ్మయ్య అనుకుని తీసేసే ఆజ్ఞ కొట్టాను. ఈ ప్రోగ్రామును తొలగించబోతున్నాం, సరేనా అని కంప్యూటరు అడిగింది. అప్పటికి భోజనాల వేళ, మిషన్లు ఆపి ఉన్నాయి. స్క్రీన్ రీడర్ ఆ పేరులోని అక్షరాలను ఒక్కొక్కటే చదవడం స్పష్టంగా వినిపించింది.

"ఆగండన్నయ్యా. ఏటి తీసీత్తన్నారు?" అంది హేమలత.

బరువును మింగేస్తున్న ప్రోగ్రాము దొరికింది, తీసేస్తే చాలు అన్నాను.

"అది తీసీకండి. నా పలక నడిచేది దానితోనే. అది పోతే సుక్కలు లేవవు."

నా వేలు కీ మీదే ఆగిపోయింది. ఆ పేరులో మొదటి అక్షరాలు బ్రెయిలీవని నాకు అప్పటిదాకా తట్టలేదు. ఇంటర్నెట్‌లో రాసినవాళ్లందరూ చూపున్నవాళ్లు. వాళ్లకు అది అక్కరలేదు. ఈ కుర్చీలో కూర్చున్న మనిషికి అదే ఆధారం. ఉంచితే కాటా పోతుంది, తీస్తే పలక పోతుంది. రెండింటిలో ఏదో ఒకటి వదులుకోమని ఆమెకు ఎలా చెప్పను? ఏం చేయాలో తోచక బయటికి వెళ్లి టీ తాగి వచ్చాను.

వచ్చాక, తీసేయడం మాట పక్కనపెట్టి, ఆ ప్రోగ్రాము కాటా వెంట ఎందుకు పడుతోందో చూద్దామని కూర్చున్నాను. ప్రతి యూఎస్‌బీ వస్తువుకూ ఒక గుర్తింపు నంబరు ఉంటుంది. తనకు సంబంధించిన నంబర్లు ఏవో brltty ఒక ఫైలులో రాసుకుంటుంది. మా కేబుల్ నంబరు అందులో ఉంది. విషయం ఏమిటంటే, ఎక్కడో ఏదో కంపెనీ బ్రెయిలీ పలకలో కూడా ఇదే చిప్ వాడారు. నంబరు ఒకటే కాబట్టి ఈ ప్రోగ్రాము తూకం మిషన్‌ను కూడా బ్రెయిలీ పలక అనుకుని, గుడ్డివాళ్లకు సాయం చేద్దామని దాని చేయి పట్టుకుంటోంది. హేమలత అసలు పలక నంబరు వేరు. దానికీ దీనికీ పోటీయే లేదు; అందుకే పలక ఊడదీసినా ఈ ప్రోగ్రాము కాటాను వదల్లేదు.

ఆ ఒక్క వరుసను పనిచేయకుండా చేశాను. హేమలత పలకను తప్ప ఇంక దేన్నీ వెతకొద్దని సెట్టింగులో కూడా రాశాను. కంప్యూటరు ఆపి, మళ్లీ వేసి, రెండూ తగిలించాను. మళ్లీ lsusb -t కొడితే కాటా ఎదురుగా ch341 అని వచ్చింది, కదలకుండా అలాగే నిలిచింది. పలక ఎదురుగా usbfs అని ఉంది. పొద్దుట నన్ను భయపెట్టిన మాటే అది. ఇప్పుడు ఉండాల్సిన చోట ఉంది.

భోజనాలు అయ్యాయి, మిషన్లు మొదలయ్యాయి. పొద్దుట తూకం గురించి గట్టిగా తగువు పడిన గున్నమ్మ అనే పెద్దావిడే ముందుగా తట్ట తెచ్చి పెట్టింది. అంకె చదవడానికి అలవాటుగా ఒకామె ముందుకు వంగింది. ఆమె నోరు తెరిచేలోపే హేమలత వేళ్లు పలక మీద కదిలాయి. బరువు గ్రాములతో సహా పైకి చెప్పేసింది. గున్నమ్మ కాటా వంక ఒకసారి, హేమలత వంక ఒకసారి చూసి, "సరిగ్గా సెప్పినావమ్మా" అని తట్ట ఎత్తుకుంది.

ధర్మారావు గారు నన్ను పక్కకు పిలిచి, ఇంతకీ తప్పు ఎవరిదని అడిగారు. పలకది కాదు, కాటాది కాదు, ప్రోగ్రాము కూడా తన పనే తను చేసుకుంది అన్నాను. మొదట్లో కొన్నాళ్లు ఎలా నడిచిందో మాత్రం ఇప్పటికీ నాకు పూర్తిగా అంతుపట్టలేదు. కేబుల్‌ను డ్రైవరు, brltty లలో ఎవరు ముందు వెళ్లి పట్టుకుంటే వాళ్లదే అయ్యుంటుందని ఊహ మాత్రమే. సోమవారం సంగతి ఆయన మళ్లీ ఎత్తలేదు.

ఒక వస్తువు ఏ డ్రైవరు చేతిలో ఉందో కనుక్కోవడానికి ఆజ్ఞలున్నాయి, అవి ఎవరైనా నేర్చుకోవచ్చు. అక్కడ ఉండకూడనిది కనపడగానే పీకి పారేయడమే పని అని ఆ రోజు దాకా అనుకున్నాను. ఇప్పుడు ఏదైనా తీసేసే ముందు, ఆ కంప్యూటరు వాడే మనిషిని పిలిచి అడుగుతున్నాను: ఇది మీకు దేనికైనా పనికొస్తుందా అని. చాలామంది తెలియదంటారు. అయినా అడుగుతూనే ఉన్నాను.