ఆలస్యానికి కారణం

వీధిలో అందరికీ ఆయన కొలతల బాబాయే. ఏ చెక్కనైనా రెండుసార్లు కొలవనిదే రంపం పెట్టని వడ్రంగి. మాటా అంతే, ఆచితూచి ఒక్కటి వదులుతాడు. ఆ ఒక్కటీ వదలకపోబట్టే జైలు గుమ్మం దాకా వచ్చాడు మహానుభావుడు!

సంగతేమిటంటే, కలప డిపోలో సరుకు అరువు తెచ్చుకుంటూ, సంతకం చేసిన ఖాళీ చెక్కు ఒకటి హామీగా ఇచ్చాడు. తర్వాత బాకీ మొత్తం డిపో గుమాస్తా చేతిలో పెట్టి రసీదు తీసుకున్నాడు. ఆ గుమాస్తా బాబాయ్‌కి ప్రాణస్నేహితుడు. ఆ డబ్బు కాస్తా భార్య ఆపరేషన్‌కి వాడేసి, "నేను కట్టేస్తానురా, కొంచెం ఓపిక పట్టు" అని కాళ్లావేళ్లా పడ్డాడు. కట్టకుండానే గుండె ఆగి పోయాడు. డిపో లెక్కల్లో బాకీ అలాగే ఉండిపోయింది. యజమాని చెక్కు బ్యాంకులో వేశాడు, అది తిరిగొచ్చింది, కేసు పడింది.

రసీదు చూపిస్తే అప్పుడే తేలిపోయేది. కానీ గుమాస్తా బల్ల దగ్గర ఇప్పుడు ఆయన భార్య కూర్చుంటోంది. యజమాని జాలిపడి ఇచ్చిన ఉద్యోగం. మొగుడు డబ్బు తిన్నాడని తెలిస్తే ఉంచుతాడా? అందుకని బాబాయ్ రసీదును ఉలుల పెట్టె అడుగున పడేసి నోరు కుట్టుకున్నాడు. కోర్టులో సాక్ష్యాలన్నీ ముగిసిపోయాయి. ఒళ్లు మండదూ?

పిన్నికి మండింది. పెట్టె సర్దుతుంటే ఆ రసీదు కంటబడింది.

"మీరు జైల్లో కూర్చుంటే ఈ ఇల్లు మీ స్నేహితుడొచ్చి నడుపుతాడా?"

గుచ్చి గుచ్చి అడిగి సంగతంతా రాబట్టింది. తిన్నగా గుమాస్తా భార్య దగ్గరికే వెళ్లింది. ఆ సాయంత్రమే ఆమె బాబాయ్ కొట్టుకి వచ్చి నిలబడింది. మొహంలో నెత్తురుచుక్క లేదు.

"రసీదు కోర్టులో పెట్టండి అన్నయ్యా."

"నీ ఉద్యోగం పోతుందమ్మా."

"పోనీండి. మీరు సరేననేదాకా ఇక్కణ్ణించి కదలను."

వకీలు పిటిషన్ వేశాడు. అవతలి వకీలు ఎగిరిపడ్డాడు. ఇది నిన్నో మొన్నో పుట్టించిన కాగితమనీ, ఇంత ఆలస్యంగా వస్తే తీసుకోకూడదనీ వాదించాడు. న్యాయమూర్తి బాబాయ్ వైపు తిరిగారు.

"ఇన్నాళ్లూ ఎందుకు పెట్టలేదు?"

బాబాయ్ నేల చూపులు చూస్తున్నాడు. "ఇంట్లో కనబడలేదండీ" అని ఆయన వకీలు అందుకోబోయాడు.

వెనక బెంచీలోంచి ఆమె లేచింది.

"కనబడకపోవడం కాదండీ. ఆ సంతకం మా ఆయనది. ఆ డబ్బు నా ఆపరేషన్‌కి పోయింది. నా కూడు పోతుందనే ఈయన దాచాడు."

యజమాని తల తిప్పేసుకున్నాడు. రసీదును సాక్ష్యంగా తీసుకుంటున్నామనీ, వచ్చే వాయిదాకి ఆమె సాక్షిగా రావాలనీ న్యాయమూర్తి చెప్పారు.

వరండాలో ఆమె డిపో తాళాలగుత్తి యజమాని చేతికిచ్చింది. ఆయన వద్దనలేదు. స్నేహితుడి శవం ముందు కూడా ఏడవని బాబాయ్, గోడవైపు తిరిగి కళ్లు తుడుచుకున్నాడు. ఆమె దగ్గరికొచ్చింది.

"అన్నయ్యా, ఆ రసీదు నకలు నాకొకటి ఇప్పిస్తారా? ఆయన చేతిరాతంతా డిపో పుస్తకాల్లోనే ఉంది. ఇక అక్కడికి వెళ్లను కదా."