కప్ప అంటే ఏ బండి

మొన్న నంద్యాలలో రైలు గేటు పడి ఆగినప్పుడు నా ముందున్న ఒక పాత స్కూటరు నీలంగా పొగ వదిలింది. పెట్రోలులో ఆయిలు కలిపి పోసే రోజుల నాటి వాసన అది. చుట్టూ ఉన్నవాళ్లు మొహాలు తిప్పుకున్నారు. గేటు లేచింది, వెనక హారన్లు మోగుతున్నాయి, నేను మాత్రం బండి కదిలించలేకపోయాను. పదేళ్ల వయసులో ఒక మధ్యాహ్నం పడిన భయం అలాగే మళ్లీ లేచింది.

మాది ఆళ్లగడ్డ. మా చిన్నప్పుడు ఊళ్లో బండ్లు తక్కువ, వాటి పేర్లు ఎక్కువ. కంపెనీ పేరుతో ఏ బండినీ ఎవరూ పిలిచేవాళ్లు కాదు. బస్టాండు ముందు టీ అంగడి దగ్గర బండ్లు నిలుపుకుని కూర్చునే మగవాళ్లు ఏ పేరు పెడితే అదే ఊరంతా నిలిచిపోయేది. మా పెద్దనాయన మోటారు సైకిలు నల్లగా, బరువుగా ఉండి వీధి మలుపులోనే రంకె వేసేది కాబట్టి దున్నపోతు. వీధినంతా పొగతో నింపే మిల్లు గుమాస్తా బండి కుంపటి. పక్కకు వంచి తంతే తప్ప స్టార్టు కాని మా లెక్కల సారు స్కూటరు వంగుడుబండి. రాతి విగ్రహాలు చెక్కే నాగలింగాచారిది పచ్చరంగు స్కూటరు, దాన్ని కప్ప అనేవాళ్లు.

ఆచారి కూతురు పద్మ బడిలో నా పక్కన కూర్చునేది. వాళ్ల నాయన బండిని ఊరంతా కప్ప అనడం దానికి నామోషీ. అందుకే ఒకరోజు ఆ పేరు తీసి ఆస్పత్రి నర్సు ఇందిరక్క మోపెడ్డుకు తగిలించింది. గుంతల మీద ఎగిరెగిరి పడేది అదే కదా, అసలు కప్ప అదే అని వాదించింది. ఆ రోజు నుంచి మా ఆడపిల్లలందరికీ కప్ప అంటే ఇందిరక్క మోపెడ్డే. పెద్దవాళ్లకు ఈ సంగతి తెలియదనుకునేవాళ్లం.

మా నాయన చెల్లెలు సరోజత్త మాతోనే ఉండేది. నా తల దువ్వుతూ, అన్నం తినిపిస్తూ, రాత్రుళ్లు పక్కన పడుకోబెట్టుకుని నన్ను పెంచింది ఆమే. ఆమెకు నంద్యాలలో నర్సు ట్రైనింగు సీటు వచ్చింది. నాయన వాళ్ల నాయనను మేము జేజినాయన అంటాం. ఆ కాగితం జేజినాయన చూసి మడిచి తలగడ కింద పెట్టుకున్నాడు. పది రోజుల్లోనే ఒక సంబంధం ఖాయం చేశాడు. అత్త ఏడవలేదు, మాట్లాడటం మాత్రం మానేసింది.

ఉగాది మరుసటి రోజు అది. ఎండకు వీధిలో కుక్క కూడా లేదు. ఇంట్లో అందరూ మిగిలిన ఓళిగలు నెయ్యి వేసుకుని తిని, చాపల మీద ఒరిగి నిద్రపోయారు. నేను పెరట్లో నీడకు కూర్చుని చింతగింజలు అరగదీస్తున్నాను. అత్త చేతిలో గుడ్డసంచితో వచ్చి పెరటి తలుపు గడియ తీసింది. బయట సందులో ఇందిరక్క మోపెడ్డు మీద కాలు ఆనించి నిలబడి ఉంది. ఆ సాయంత్రంలోగా చేరకపోతే సీటు పోతుందని నాకు తరువాత తెలిసింది. అత్త నా తల మీద ఒకసారి చెయ్యి పెట్టి, వెనక ఎక్కి కూర్చుంది. బండి నంద్యాల దిక్కుకు తిరిగింది.

గంట తిరగకముందే ఇల్లు లేచింది. జేజినాయన నన్ను పిలిపించి ఎదురుగా నిలబెట్టాడు. ఆయన నన్ను ఒక్కనాడూ కొట్టలేదు, కానీ ఆయన ముందు అబద్ధమాడటం మా నాయనకు కూడా చేతనయ్యేది కాదు.

"మీ అత్త పోతాంటే చూసినావా?"

తల ఊపాను.

"యా బండి మింద పోయింది?"

"కప్ప మింద," అన్నాను.

ఆ మాట ఎవరికి ఎలా వినిపిస్తుందో నాకు తెలియదని ఇన్నేళ్లూ చెప్పుకున్నాను. తెలుసు. అనేముందే తెలుసు.

"ఆచారి పొద్దున చాగలమర్రి దిక్కు పోతాంటే నేనే చూసినా నాయనా, మళ్లొచ్చి ఎక్కించుకోని ఆ దిక్కే పోయింటాడు," అన్నాడు పెద్దనాయన. మరో ఇద్దరిని ఎక్కించుకుని దున్నపోతును కడప రోడ్డు మీదికి దూకించాడు. చాగలమర్రి అటు, నంద్యాల ఇటు. ఆ రంకె దూరమయ్యేదాకా గడపలోనే నిలబడ్డాను. ఇందిరక్క పేరు గొంతు దాకా వచ్చింది. చెబితే అత్త దొరుకుతుంది. చెప్పకపోతే ఆచారి దొరుకుతాడు. పొద్దు గూకేదాకా ఏ బండి చప్పుడు విన్నా ఉలిక్కిపడుతూ, ఎవరితోనూ ఏమీ అనకుండా ఉండిపోయాను.

ఆచారి రాళ్లు చూసుకుని తిరిగి వస్తుంటే దారిలో పట్టుకున్నారట. వెనక ఎవరూ లేరు. మా పాప కప్ప అని చెప్పింది, పిల్లను యాడ దాచినావని కట్టెతో కొట్టారట. కుడి మణికట్టు విరిగింది. మరునాడు ఇందిరక్క వచ్చి అత్త హాస్టలులో చేరిందని తానే చెప్పింది. జేజినాయన ఇంట్లో అత్త పేరు ఎత్తవద్దన్నాడు. పిల్లది పొరపాటున చెప్పిందిలే అని నన్ను వదిలేశారు. ఆచారి ఇంటికి మాత్రం మావాళ్లెవరూ పోలేదు. ఆయన చెయ్యి వంకరగా అతుక్కుంది. విగ్రహాలకు కళ్లు దిద్దడానికి ఆయన పెట్టింది పేరు. ఆ తరువాత పీఠాలు, రోళ్లు మాత్రమే చెక్కాడు. పద్మ మరో బెంచీకి మారింది.

మొన్న గేటు దాటాక ఇంటికి పోలేదు, ఆళ్లగడ్డ దారి పట్టాను. ఆచారి షెడ్డు ముందు అక్కడ పనిచేసే కుర్రవాళ్ల బండ్లు నాలుగు వరుసగా ఉన్నాయి. వాటిని ఏమని పిలుస్తారని అడిగితే కంపెనీ పేర్లే చెప్పారు. దున్నపోతును పాత ఇనుముకు తూకం వేశారు. పెద్దనాయన లేడు, జేజినాయన లేడు, ఆ టీ అంగడీ లేదు. కుంపటి, వంగుడుబండి అంటే ఇప్పుడు ఆ ఊళ్లో ఎవరికీ అర్థం కాదు.

ఆచారి లోపల రాతిదుమ్ములో కూర్చుని ఉన్నాడు. నేనెవరో చెప్పుకుని, ఎదురుగా నేల మీద కూర్చున్నాను.

"ఆ పొద్దు కప్ప అని చెప్పింది నేనే మామా. తెలిసే చెప్పినాను."

ఆయన ఉలీ సుత్తీ పక్కన పెట్టాడు. "నా బిడ్డ పెట్టిన పేరు నాకు తెల్దా? కట్టె తగులుతాంటేనే అర్థమాయె, ఆ యమ్మి ఇందిరమ్మ బండి మింద పోయింటాదని."

మరి ఎందుకు చెప్పలేదని అడిగాను.

"చెప్పింటే బండి నంద్యాల దిక్కు తిప్పుకోనుంద్రు. దావలో ఇద్దరు ఆడోళ్లు." వంకర చేతి దుమ్ము దులుపుకున్నాడు. "ఆ చదువు అయిపోజేసిందా ఆ యమ్మి?"

పూర్తి చేసిందని, ముప్పై ఏళ్లు నర్సుగా పనిచేసి మొన్ననే రిటైరైందని చెప్పాను.

"అయితే సరే," అని ఆచారి మళ్లీ సుత్తి అందుకున్నాడు, ఎడమ చేత్తో.