ఆదివారం గడి

జగన్నాధం అన్నయ్యకి రాజాంలో స్టీలు సామాన్ల కొట్టు. పెళ్ళీ పెటాకులూ లేవు. కొట్టు వెనక గదిలోనే వంట, పడక. గిన్నె బేరం తప్ప వచ్చినవాళ్ళతో వేరే మాట ఉండదు. ఆ మనిషి ముప్పై ఏళ్ళుగా ఒక వారపత్రికకి పదాల గడి కూరుస్తున్నాడంటే మా చీపురుపల్లిలో ఎవరూ నమ్మరు. పత్రికలో పేరు కూడా వేయించుకోడు మరి.

ఆయన నాకు సొంత అన్న కాడు. మా ఆయన గణపతిరావుకి కాలేజీ రోజుల నుంచి స్నేహితుడు. మా ఆయన రైల్వేలో బుకింగ్ క్లర్కుగా చేసి రిటైరయ్యారు. ప్రతి ఆదివారం పొద్దున్నే అన్నయ్య గళ్ళ కాగితం సంచిలో పెట్టుకుని బస్సు దిగేవాడు. మా ఆయన పెన్సిల్‌తో గళ్ళు నింపుతుంటే, ఎదురుగా ముంగిలా కూర్చుని చూసేవాడు. గడి కూర్చినవాడు తన గడిని తాను పూరించలేడు కదా, జవాబులన్నీ ముందే తెలుసాయె. కొత్త కళ్ళతో ఎవరో ఒకరు చూడాలి. వాళ్ళిద్దరికీ ఒక కట్టుబాటు ఉండేది. అందలేదనో నచ్చలేదనో మా ఆయన ఏ ఆధారం పక్కన ఇంటూ పెడితే దాన్ని అన్నయ్య మారుమాట్లాడకుండా కొట్టేసి, వేరేది రాసుకోవాలి. మధ్యాహ్నం దాకా ఇద్దరికీ కలిపి పట్టుమని పది మాటలు ఉండేవి కావు. నాకు ఒళ్ళు మండేది. ఈమాత్రం దానికి బస్సెక్కి రావడమెందుకు అనుకునేదాన్ని.

రెండేళ్ళ కిందట మా ఆయనకి పక్షవాతం వచ్చింది. కాలూ చెయ్యీ కుదుటపడ్డాయి గానీ మాటలు పోయాయి. గ్లాసు కావాలంటే చెంబు అంటారు. తప్పని తెలిసి తల కొట్టుకుంటారు.

అన్నయ్య ఆదివారాలు మానలేదు. జబ్బు చేశాక తెచ్చిన మొదటి గడిలో ముప్పై ఆధారాలుంటే ఇరవై ఎనిమిదికి ఇంటూలు పడ్డాయి. కట్టుబాటు కట్టుబాటే. అన్నీ కొట్టేసి తేలికవి రాశాడు. పై వారం ఇంకా తేలికవి. ఒకప్పుడు "తీగ తిరగబడితే శిరస్సు" అని ఇచ్చేవాడు. లతని తిప్పితే తల అని తట్టినవాళ్ళు మురిసిపోయేవారు. ఇప్పుడు అదే తలకి "జుట్టు మొలిచే చోటు" అని రాశాడు. చూసి నవ్వాను. తర్వాత వంటింట్లోకెళ్ళి ఏడ్చాను.

పత్రికవాళ్ళు ఎన్నాళ్ళు ఊరుకుంటారు? పాత పాఠకులు తిడుతూ ఉత్తరాలు రాస్తున్నారనీ, ఈ నెలాఖరులోగా మునుపటి పదును రాకపోతే గడి ఎత్తేస్తామనీ సంపాదకుడు ఫోన్ చేశాడట. అన్నయ్య నన్ను పెరట్లోకి పిలిచి చెప్పాడు. మా ఆయనకి తెలియనివ్వొద్దన్నాడు.

"కష్టమైనవి రాస్తే ఈడు నింపలేడు సెల్లీ. అప్పుడు ఈడి మొహం నాను సూడలేను."

ముప్పై ఏళ్ళ పని పోతుంది కదన్నయ్యా అంటే, పోనీ అన్నాడు. నాకు కోపమొచ్చింది. ఆ గడి తప్ప ఈ లోకంలో ఆయనకంటూ ఏముంది గనక, పోనీ అనడానికి!

నెలాఖరు ఆదివారం మళ్ళీ అలాంటిదే పట్టుకొచ్చాడు. మా ఆయన కాగితం చాలాసేపు చూశారు. "మన జాతీయ పక్షి" దగ్గర వంకర అక్షరాలతో నెమలి అని నింపారు. నింపి, ఆ ఆధారం పక్కన ఇంటూ పెట్టారు. తర్వాతి దానికీ అంతే, జవాబు రాసి ఇంటూ. ముప్పైకి ముప్పై అలాగే చేసేసరికి గంట పట్టింది. మధ్యలో అన్నయ్య కాగితం లాక్కోబోతే చెయ్యి తోసేశారు.

"నింపినావు కదరా. మరి ఈ ఇంటూలేటి?" అన్నాడు అన్నయ్య.

మా ఆయన పెదాలు చాలాసేపు కదిలాయి. చెమట పట్టింది.

"నా కోసం... వద్దు," అన్నారు. ఇంకాసేపటికి, "సిగ్గు," అన్నారు.

అన్నయ్య తల దించుకున్నాడు. ముప్పై ఆధారాలూ ఒక్కొక్కటే, మా ఆయన కళ్ళ ముందే కొట్టేశాడు. భోజనానికి ఉండమన్నా ఉండలేదు.

ఆ వారం పంపిన గడి పాత జగన్నాధం కూర్చినదే. పత్రికవాళ్ళు సంతోషించారు, గడి నిలబడింది. అన్నయ్య ఇప్పటికీ ఆదివారం వస్తాడు, ఉత్త చేతులతో. ఇద్దరూ ఎదురెదురుగా కూర్చుంటారు. ఆ పది మాటలు కూడా ఇప్పుడు లేవు. పోయిన నెల అచ్చయిన గడిలో ఒక ఆధారం తప్పు పడింది, ముప్పై ఏళ్ళలో మొదటిసారి. బస్సు దాకా సాగనంపుతూ, పంపేముందు నాకు చూపించకూడదా అన్నయ్యా, నాకూ నాలుగు ముక్కలొచ్చు కదా అన్నాను.

బస్సు వచ్చింది. మెట్టు మీద కాలు పెట్టి అన్నాడు.

"తప్పులుంటే ఉండనీ సెల్లీ. ఈడి సోట్లో ఇంకొకల్ని కూకోబెట్టలేను."