చౌడు నేల చదువు, ఉప్పు లేని పప్పు

అది 1971 వేసవి. బాపట్లలో కాలేజీకి దగ్గర్లో నాకొక మెస్ ఉండేది. మెస్ అంటే కాలేజీ కుర్రాళ్ళు నెలవారీగా రెండు పూటలా భోంచేసే చోటు. మా ఆయన పోయాక ఆ పొయ్యే నన్నూ నా పిల్లల్నీ నిలబెట్టింది. నాకు సంతకం తప్ప ఇంకేం రాయడం రాదు. నేను చెబుతుంటే మనవరాలు రాస్తోంది. నా గొంతే మోటు, మాటా మోటుగానే ఉంటుంది, సర్దుకోండి.

కాలేజీకి సెలవులిస్తే మెస్ మూసి తెనాలిలో మా అక్క దగ్గరికి పోయేదాన్ని. ఆ ఏడు మాత్రం నా మెస్‌లో తినే శేషగిరి అనే కుర్రాడు ఊరికి పోనన్నాడు, నేనూ తెనాలి పోకుండా ఉండిపోయాను. వాళ్ళది రేపల్లె వైపు చెరుకుపల్లి. వాళ్ళ పొలంలో సగం చౌడు, అంటే ఉప్పు పేరుకుపోయి పైరు రాని నేల. అలాంటి నేలను బాగుచేసే చదువు హాలెండులో ఉందట, వీడికి సీటొచ్చింది. వెళ్ళేలోపు చదవాల్సిన పుస్తకాలు ఇటుకల్లా పేర్చుకుని నా వరండాలో కూర్చున్నాడు.

చదువు సరే, చిక్కంతా ఇంకోచోట ఉంది.

“పిన్నిగారూ, నాన్న ఒప్పుకోవట్లేదండి,” అన్నాడొక రోజు. “మంచినీళ్ళు కూడా ఎవరో చేతికివ్వాలి నీకు, అక్కడేం తిని బతుకుతావంటున్నారు. నెలాఖరుకి వస్తారట. నేను వండింది తిన్నాకే అవునో కాదో చెప్తారట.”

“నీకు వంటేం వచ్చు?”

“ఏమీ రాదండి.”

“పోనీ, పొయ్యి రాజెయ్యడం?”

“దేంతోనండి?”

నాకు నవ్వాగలేదు. “బాగానే ఉంది సంబడం. రేపట్నించి తెల్లారగానే వంటింట్లోకి రా.”

వచ్చాడు, చేతిలో పుస్తకంతో. అక్కడ అన్నం మాడుతుంటే ఇక్కడ పేజీ తిప్పేవాడు. కేకలేస్తే “ఈ ఒక్క పేరా అండి” అనేవాడు. పుస్తకం లాక్కుందామనుకున్నాను గానీ మనసొప్పలేదు. “సరే, పైకి చదువు. ఒక వాక్యం అవగానే నాకు తెలుగులో చెప్పు, చెప్పి గిన్నె చూడు,” అన్నాను. అప్పట్నించి దారిలో పడ్డాడు. నేలడుగు ఉప్పు పైకెలా వస్తుందో, మంచినీళ్ళు పెట్టి దాన్నెలా కడగాలో చెప్పేవాడు. చెప్పి, మూత తీసి మెతుకు పట్టి చూసేవాడు. నాకూ ఆ వేసవి హాయిగా గడిచింది. పొయ్యి దగ్గర నాతో అన్ని కబుర్లు చెప్పినవాళ్ళు అంతకుముందు లేరు.

నెలాఖరున వాళ్ళ నాన్న దిగాడు. చేతిలో గొడుగు, భుజాన కండువా, నవ్వని మొహం.

“ఏం చెల్లెమ్మా, మావాడు మీ వంటిల్లు ఉంచాడా, తగలెట్టాడా?”

“మీరే తిని చూడండి అన్నయ్యగారూ. నేను చెయ్యి కూడా పెట్టలేదు.”

మెస్ నడిపేవాళ్ళం బాగుందా అని అడగం. మారు అడిగారా లేదా అని చూస్తాం. మారంటే రెండోసారి వడ్డన. ఎంత మెచ్చుకున్నా మారు అడగలేదంటే నచ్చలేదన్నమాటే.

శేషగిరి ఆకు వేసి అన్నం, దోసకాయ పప్పు వడ్డించాడు. ఆయన మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని ఆగిపోయాడు. నాకు అర్థమైంది. నాన్న చూస్తారని ఆ పూట వాడు పుస్తకం అవతల పెట్టేశాడు. చదువు ఆగేసరికి గిన్నె చూసే అలవాటూ ఆగిపోయింది. పప్పులో ఉప్పు పడలేదు.

“ఏరా,” అన్నాడాయన, “భూమిలో ఉప్పు తియ్యడానికి హాలెండు పోతానన్నావు. ముందు పప్పులోది తీసేశావేంట్రా?”

“మళ్ళీ వండుతాను నాన్నా. రేపటిదాకా ఉండండి.”

నా మెస్‌లో ఆకు మూల చిటికెడు ఉప్పు పెట్టడం ఆనవాయితీ. ఆ పూట అదీ వాడే పెట్టాడు, మరిచిపోలేదు. ఆయన ఆ ఉప్పు తీసి పప్పులో కలుపుకున్నాడు. ఒక ముద్ద తిన్నాడు. ఇంకోటి తిన్నాడు. నేను తలుపు చాటునుంచి చూస్తున్నాను.

“నిలబడిపోయావేంటి? పప్పు మారు వెయ్యి.”

వాడు హడావుడిగా గరిటె వంచితే సగం పప్పు ఆకు బయట పడింది. ఆయన అది చూడనట్టే, “ప్రయాణం ఎప్పుడన్నావు?” అన్నాడు.

అంతకుముందు కూరలో ఉప్పు తగ్గిందని ఎవరన్నా అంటే నాకు రోజంతా ముద్ద దిగేది కాదు. ఆ పూట తర్వాత ఆ దిగులు పోయింది. ఆ మెస్ మరెన్నో ఏళ్ళు నడిపాను, ఎందరికో వంట నేర్పాను. కొత్తగా ఎవరొచ్చినా పొయ్యి దగ్గరికి తర్వాతే రానిచ్చేదాన్ని. ముందు ఆకు మూల ఉప్పు పెట్టడం నేర్పేదాన్ని.